తెలుగు బడుల కోసం సొంత లినక్స్ పంపిణీ: ఇమేజ్ తయారైంది, విడుదలకు ముందు ఏమేం చూసుకోవాలి?

వేయిస్తంభాలు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ఒక పాలిటెక్నిక్ కళాశాలలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు తెర మీద మొదట కనిపించే మాట తెలుగులో ఉండాలన్న కోరికతో, మా పూర్వ విద్యార్థులు ఆరుగురూ నేనూ కలిసి ఏడాదిగా ఒక లినక్స్ పంపిణీని, అంటే కంప్యూటర్‌ను నడిపే వ్యవస్థనూ అవసరమైన ప్రోగ్రాములనూ కలిపిన కట్టను, తయారు చేస్తున్నాము. డెబియన్ అనే పెద్ద పంపిణీలో 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13, అంటే ట్రిక్సీ, మాకు పునాది. లైవ్-బిల్డ్ అనే పనిముట్టుతో ఇమేజ్, అంటే పెన్‌డ్రైవ్ మీద ఎక్కించి ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలు, తయారవుతోంది. ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్, తెలుగు లొకేల్ (భాషా అమరిక), ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ లిపుల ప్రామాణిక) కీబోర్డు, తెలుగు ఫాంట్లు, లిబ్రేఆఫీస్, చిన్న పిల్లలకు జీకాంప్రీ, టక్స్ పెయింట్, పెద్ద తరగతులకు స్టెల్లేరియం, ఇంటర్నెట్ లేకుండానే వికీపీడియా చదువుకోవడానికి కివిక్స్ అందులో ఉన్నాయి.

మూడు ప్యాకేజీలను (ఇన్‌స్టాల్ చేసుకునే కట్టలను) మాత్రం మేమే మళ్లీ తయారు (బిల్డ్) చేశాము. లిబ్రేఆఫీస్ మెనూల్లో తెలుగు అనువాదం పిల్లలకు అర్థం కాని చోట్ల మాటలు మార్చాము, ఎక్స్ఎఫ్‌సీఈ ప్యానెల్‌లో ఇంగ్లీషులోనే మిగిలిపోయిన మాటలకు తెలుగు పెట్టాము, మాకు నచ్చిన ఫాంట్లు కొన్నింటిని ఒక ప్యాకేజీగా కట్టాము. ఈ మూడూ అద్దెకు తీసుకున్న సర్వర్ మీద రెప్రెప్రో అనే పనిముట్టుతో నడిచే మా సొంత రిపాజిటరీలో (యంత్రాలు ప్యాకేజీలు తెచ్చుకునే గిడ్డంగిలో) ఉన్నాయి. రెండు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో పెట్టి చూశాము. ఏడో తరగతి పాప ఒకరు తన పేరును తెలుగులో టైపు చేసి, దాన్ని ఫైలు పేరుగా భద్రపరచి, అది అలాగే తెలుగులో కనిపించేసరికి పక్క పిల్లలందరినీ పిలిచి చూపించింది. ఆ రోజు నుంచి మా వాళ్లకు నిద్ర లేదు.

గిడుగు రామమూర్తి గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం అయిన వచ్చే ఆగస్టు 29న 1.0ని విడుదల చేయాలని అందరూ పట్టుబడుతున్నారు. ఇమేజ్ పనిచేస్తోంది కదా, ఇంకేం మిగిలిందని వాళ్ల ప్రశ్న. పనిచేసే ఇమేజ్‌కూ నలుగురి చేతుల్లో పెట్టదగిన విడుదలకూ మధ్య దూరం చాలా ఉందని నాకు అనిపిస్తోంది గానీ, ఆ దూరంలో ఏమేం ఉన్నాయో స్పష్టంగా చెప్పలేకపోతున్నాను. సిద్ధమైందని దేన్ని బట్టి తేల్చాలి? సొంత రిపాజిటరీ మేము మోయగల బరువేనా? ఇప్పటివరకు ప్రతి నిర్ణయమూ నేనే తీసుకుంటున్నాను, అది ఇలాగే సాగడం మంచిదా? ఈ దారిలో నడిచినవారు చెప్పగలరు.

పెన్నాతీరం:

నమస్కారం మాస్టారూ. డెబియన్‌లో కొన్ని ప్యాకేజీలను కొన్నేళ్లుగా చూసుకుంటున్నాను, ఆ అనుభవంతో రాస్తున్నాను. మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన చోటు ఆ మూడు ప్యాకేజీలు. మిగతా ఇమేజ్ అంతా డెబియన్ నుంచి వచ్చింది కాబట్టి దాని బాగోగులు డెబియన్ భద్రతా బృందం చూసుకుంటుంది. మీరు మళ్లీ బిల్డ్ చేసిన మూడింటికి మాత్రం విడుదల రోజు నుంచి మీరే భద్రతా బృందం. లిబ్రేఆఫీస్‌లో ఒక లోపం బయటపడి డెబియన్ సరిదిద్దిన రోజున మీ ఏడుగురిలో ఎవరో ఒకరు ఆ మార్పును తెచ్చుకుని, మీ అనువాదాలను దాని మీద అతికించి, గంటల తరబడి బిల్డ్ చేసి, సంతకం పెట్టి రిపాజిటరీలోకి ఎక్కించాలి. పరీక్షల కాలమైనా, పండుగ రోజైనా ఆ పని ఆగకూడదు.

అంతకంటే ముందు ఒక చిన్న విషయాన్ని ఈ రాత్రే చూడండి. మీ ప్యాకేజీల వెర్షన్ సంఖ్యల చివర ఏమి చేర్చారు? చాలామంది కొత్తవాళ్లు ప్లస్ గుర్తు పెట్టి తమ పంపిణీ పేరు రాస్తారు. మీరు ‘+తెలుగు1’ అని ఆంగ్ల అక్షరాల్లో రాసి ఉంటే, మీ బడుల్లోని యంత్రాలకు లిబ్రేఆఫీస్ భద్రతా సవరణలు ఎప్పటికీ అందవు. డెబియన్ 13కు వచ్చే భద్రతా సవరణల వెర్షన్ ‘+డెబ్13యూ1’ అని ముగుస్తుంది. ఏది కొత్తదో తేల్చడానికి, ప్యాకేజీలను ఎక్కించే డీపీకేజీ అనే పనిముట్టు ఆంగ్ల అక్షరక్రమం చూస్తుంది. ‘టీ’ అక్షరం ‘డీ’ తరువాత వస్తుంది కాబట్టి, మీ పాత ప్యాకేజీయే కొత్తదని అది నమ్మి డెబియన్ పంపిన సవరణను పక్కన పెట్టేస్తుంది. ఎర్రర్ ఏదీ కనిపించదు, అప్‌డేట్ సవ్యంగా జరిగినట్టే ఉంటుంది. ప్లస్ తరువాత ముందుగా ఒక సున్నా పెట్టి ‘+0తెలుగు1’ అని రాస్తే ఈ చిక్కు ఉండదు. అప్పుడు మీ ప్యాకేజీ డెబియన్ మూల ప్యాకేజీ కంటే పైనా, భద్రతా సవరణ కంటే కిందా నిలుస్తుంది. సవరణ వచ్చినప్పుడు మీ అనువాదాలు తాత్కాలికంగా పోవచ్చు, అయినా యంత్రం భద్రంగా ఉంటుంది.

పెద్ద ప్రశ్నకు వస్తాను. ఆ మూడింటిని మీరు మోయనవసరం లేదన్నది నా అభిప్రాయం. ఎక్స్ఎఫ్‌సీఈ అనువాదాలు ట్రాన్సిఫెక్స్ అనే సైటులో, లిబ్రేఆఫీస్ అనువాదాలు దాన్ని నడిపే డాక్యుమెంట్ ఫౌండేషన్ వారి వెబ్‌లేట్ సైటులో జరుగుతాయి. రెండు చోట్లా ఎవరైనా ఖాతా తెరిచి పని మొదలుపెట్టవచ్చు. మీ పిల్లలు దిద్దిన మాటలు అక్కడ చేరితే, తరువాతి వెర్షన్‌తో పాటు అవి హనుమకొండకే కాదు, డల్లాస్‌లో తెలుగు మెనూ పెట్టుకున్నవారికీ అందుతాయి. ఫాంట్ల విషయంలోనూ అంతే. పోతన, వేమన ఫాంట్లు, తెలుగు విజయం ఫాంట్లు, లోహిత్ తెలుగు ఇప్పటికే డెబియన్‌లో ప్యాకేజీలుగా ఉన్నాయి. మీ జాబితాలో అందులో లేనివి ఏవైనా ఉంటే వాటి లైసెన్సు ఏమిటో ఒకసారి చూడండి. ఉచితంగా దొరికే ఫాంటులన్నీ తిరిగి పంచుకోదగినవి కావు.

ప్యాకేజీని కొద్దిగా మార్చడమే కదా అని అనిపించినప్పుడు మేము గుర్తు చేసుకునే సంఘటన ఒకటి ఉంది. 2006లో డెబియన్‌లో రహస్య సంకేత తాళాలను (కీలను) తయారుచేసే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ప్యాకేజీలో, ఒక పరీక్షా సాధనం ఇస్తున్న హెచ్చరికలను ఆపడానికి రెండు వరుసలు తీసేశారు. యాదృచ్ఛిక సంఖ్యల తయారీకి ముడిసరుకు అందేది ఆ దారిలోనే. దాంతో తాళాలను వేరు చేసే అంశంగా ప్రాసెస్ సంఖ్య ఒక్కటే మిగిలింది. ఒక్కో రకం తాళానికి దాదాపు 32,767 రూపాలే సాధ్యమయ్యాయి. ఇది 2008 మే 13న బయటపడేదాకా, దాదాపు రెండేళ్లు, డెబియన్ మీదా దాని నుంచి పుట్టిన ఉబుంటు మీదా ఆ ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌తో తయారైన తాళాలన్నీ ఊహించగలిగినవే. ఆ మార్పు చేసింది అనుభవం ఉన్న నిర్వాహకులే, మంచి ఉద్దేశంతోనే చేశారు. అందుకే మూల రచయితల చేతికి చేరని మార్పు ఎంత చిన్నదైనా నాకు బరువుగానే కనిపిస్తుంది.

ఆ మూడూ తీసేస్తే మీ పంపిణీలో మిగిలేది ఒక ప్యాకేజీల జాబితా, కొన్ని డిఫాల్ట్ అమరికలు, నేపథ్య చిత్రాలు, మీ పరీక్షలు, మీ శ్రమ. మొదటి మూడింటినీ ఒకటి రెండు చిన్న మెటా ప్యాకేజీల్లో (వేరే ప్యాకేజీలను తెప్పించే ప్యాకేజీల్లో) పెట్టవచ్చు. 2001లో నార్వేలో స్కోలేలినక్స్‌గా మొదలైన బడుల పంపిణీ తరువాత డెబియన్ ఎడ్యుగా మారి డెబియన్ లోపలే పెరిగింది. ఆసుపత్రుల కోసం, జీవశాస్త్ర పరిశోధకుల కోసం డెబియన్ మెడ్ కూడా అలాగే ఉంది. వీటిని ప్యూర్ బ్లెండ్స్ అంటారు. పంపిణీకి బయట ఏదీ ఉంచుకోకుండా, అవసరమైనదంతా డెబియన్‌లోనే చేర్చడం వాటి పద్ధతి.

మంజీర అల:

పెన్నాతీరం గారు ప్యాకేజీల సంగతి చెప్పారు. నేను తాళాల (కీల) గురించి చెబుతాను, ఎందుకంటే మా పంపిణీ మునిగింది అక్కడే.

కొన్నేళ్ల క్రితం మేము నలుగురు స్నేహితులం ఒక చిన్న పంపిణీని మూడేళ్లు నడిపాము. ప్యాకేజీలు మావేనని యంత్రాలకు తెలిపేలా రిపాజిటరీకి సంతకం పెట్టే కీ, డొమైన్ పేరు, సర్వర్ పాస్‌వర్డ్ మూడూ ఒకరి దగ్గరే ఉండేవి. ఆయన చాలా బాధ్యత గల మనిషి కాబట్టి మాకెవరికీ అనుమానం రాలేదు. ఆయనకు వేరే దేశంలో ఉద్యోగం వచ్చింది, ఇంట్లో ఇబ్బందులు వచ్చాయి, నెలల తరబడి అందుబాటులో లేరు. ఆ నెలల్లోనే కీ గడువు తీరింది. ప్యాకేజీల కొత్త జాబితా తెచ్చే ఆప్ట్ అప్‌డేట్ ఆదేశం నడిపిన ప్రతి యంత్రం మీదా సంతకం చెల్లదన్న సందేశం వచ్చింది. కొత్త కీ పంపుదామంటే, దాన్ని నమ్మించడానికి పాత కీతోనే సంతకం పెట్టాలి. వాడుకరులకు ఒక్కొక్కరికి ఉత్తరాలు రాసి, చేతితో కీ ఎక్కించుకోవడం ఎలాగో చెప్పాము. సగం మంది వెళ్లిపోయారు. ఆ తరువాత డొమైన్ కూడా పోయింది. ఆయన మీద నాకు ఈనాటికీ కోపం లేదు. ఏర్పాటే అలా చేసుకున్నాము.

మీరు ఇప్పుడే చేయవలసింది చెబుతాను. ప్రధాన కీని ఇంటర్నెట్‌కు తగలని యంత్రంలో తయారు చేసి, దాన్ని పెన్‌డ్రైవ్ మీద ఉంచి, రోజువారీ సంతకాలకు దాని ఉపకీని మాత్రమే సర్వర్ మీద పెట్టండి. కీ ఇక చెల్లదని ప్రకటించే రద్దు పత్రాన్ని కాగితం మీద ముద్రించి వేర్వేరు ఊళ్లలో ఉండే ఇద్దరి ఇళ్లలో దాచండి. మీ కీ ఒక కీరింగ్ ప్యాకేజీ (నమ్మదగిన కీలు ఉండే ప్యాకేజీ) ద్వారా యంత్రాలకు చేరాలి. గడువు తీరడానికి ఏడాది ముందే కొత్త కీని అదే ప్యాకేజీలో పంపిస్తే, పాతది ముగిసేనాటికి కొత్తది అన్ని చోట్లా ఉంటుంది. డొమైన్‌కు డబ్బు కట్టే బాధ్యత కూడా ఇద్దరి పేరన ఉండాలి.

ఇమేజ్ సంగతి వేరుగా చెప్పాలి. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైటులోకి ఎవరో చొరబడి, 17.3 సినమన్ ఇమేజ్ డౌన్‌లోడ్ లింకును దొంగ దారి ఉన్న ఇమేజ్ వైపు తిప్పారు. ఇమేజ్ పక్కనే అదే సైటులో చెక్‌సమ్ (ఫైలు మారలేదని సరిచూసే అంకెలు) కూడా ఉంచితే, ఇమేజ్‌ను మార్చగలిగినవాడు ఆ అంకెలనూ మార్చగలడు. చెక్‌సమ్ ఫైలుకు కీతో సంతకం ఉండి, ఆ కీ ఏదో ముందే మరోచోట తెలిసి ఉన్నప్పుడే పోల్చి చూడటానికి అర్థం ఉంటుంది. బడులకు మీరు పెన్‌డ్రైవ్‌లే ఇస్తారనుకుంటాను. కీ వేలిముద్రను (దాన్ని గుర్తుపట్టే చిన్న అంకెల వరుసను) ప్రతి పెన్‌డ్రైవ్‌తో పాటు ఇచ్చే కాగితం మీద ముద్రించండి.

పెన్‌డ్రైవ్ ఇవ్వడమంటే చట్టం దృష్టిలో పంపిణీ చేయడమే. వ్యవస్థకు గుండె లాంటి కెర్నల్‌తో మొదలుపెట్టి జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉన్న ప్రతి ప్యాకేజీకీ సరిగ్గా ఆ వెర్షన్‌కు చెందిన సోర్స్ (మూల కోడ్) మీరు ఇవ్వగలగాలి. డెబియన్ దగ్గర ఉంది కదా అని వదిలేయకండి. లైవ్-బిల్డ్‌లో సోర్స్ ఇమేజ్‌ను కూడా తయారుచేసే అమరిక ఉంది. విడుదల రోజున రెండూ పక్కపక్కన పెట్టేస్తే ఆ చింత తీరిపోతుంది.

ఇంకొక మాట. 1.0 అన్న పేరు గల ఫైలును విడుదల రోజు వరకు మీ సర్వర్ మీద బయటికి కనిపించేలా ఎక్కడా ఉంచకండి. 1995 చివర్లో ఒక సీడీల వ్యాపారి, డెబియన్ సర్వర్‌లో అప్పటికి సగంలో ఉన్న పనిని డెబియన్ 1.0 అని ముద్రించి అమ్మేశాడు. అది సరిగ్గా పనిచేయలేదు. పేరు చెడకూడదని డెబియన్ వారు 1.0 అన్న సంఖ్యనే వదులుకుని, 1996 జూన్‌లో 1.1గా విడుదల చేశారు. విడుదలలకు రహస్యనామాలు పెట్టే అలవాటు ఆ దెబ్బ తరువాత వచ్చిందే. డైరెక్టరీకి బజ్ (1.1 రహస్యనామం) అని పేరుంటే అది పూర్తయిందో లేదో చూసేవాడికి తెలియదు. మీరూ ఒక పేరు పెట్టుకుని, సంఖ్యను చివరి రోజున తగిలించండి.

వేయిస్తంభాలు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. వెర్షన్ సంఖ్యలు చూశాను. పెన్నాతీరం గారు ఊహించినట్టే ఉన్నాయి. రెండు బడుల్లోనూ లిబ్రేఆఫీస్ భద్రతా సవరణలు ఆగిపోయి ఉన్నాయి. నిన్న సాయంత్రమే వెళ్లి సరిచేసి వచ్చాము.

ఒక విషయంలో మాత్రం నా మనసు ఒప్పుకోవడం లేదు. అంతా డెబియన్ లోపలే చేస్తే మా పిల్లలకు తమది అని చూపించుకోవడానికి ఏమి మిగులుతుంది? స్వేచ్ఛ సంస్థ వారు హైదరాబాదులో తెలుగు నిర్వాహక వ్యవస్థను తెచ్చినప్పుడు ఎందరో విద్యార్థులు ఆ పేరు చూసే ఈ పనిలోకి వచ్చారు. బూట్ తెర మీద తాము పెట్టిన పేరు కనిపిస్తుందన్న ఉత్సాహంతోనే మా ఆరుగురూ ఏడాది పాటు ఆదివారాలు వదులుకున్నారు. పైగా ప్రధానోపాధ్యాయులకు ప్యూర్ బ్లెండ్ అంటే ఏమీ తెలియదు. వాళ్లకు ఒక పేరు, ఒక పెన్‌డ్రైవ్, పిలిస్తే పలికే ఒక మనిషి కావాలి.

మరో సందేహం. కొన్ని బడుల్లో పాత 32-బిట్ యంత్రాలు ఉన్నాయి. వాటి మీద మా ఇమేజ్ బూట్ కావడం లేదు. వాటి కోసం వేరే ఇమేజ్ చేయాలా?

నల్లబల్ల:

నేను అనంతపురం జిల్లాలో గణితం చెప్పే ఉపాధ్యాయురాలిని. మీరంతా తయారుచేసేవారి వైపు నుంచి మాట్లాడుతున్నారు. ఇమేజ్ బడిలోకి వచ్చిన తరువాత ఏమవుతుందో నేను చెబుతాను.

మా బడికి కొన్నేళ్ల క్రితం కొందరు యువకులు వచ్చి పది కంప్యూటర్లలో లినక్స్ పెట్టి వెళ్లారు. మనసారా చేశారు, పిల్లలతో రోజంతా గడిపారు. అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ రాసి ఇవ్వలేదు. అర్ధసంవత్సర పరీక్షల వారంలో ఒక అప్‌డేట్ దానంతట అదే జరిగి, నాలుగు యంత్రాల్లో తెర చిన్నదైపోయింది. వాళ్ల ఫోన్లు కలవలేదు. తరువాత వచ్చిన మెకానిక్ వాటన్నింటిలో పాత వ్యవస్థనే తిరిగి ఎక్కించాడు. పిల్లలు దాచుకున్న బొమ్మలన్నీ పోయాయి. అందుకే మాస్టారూ, ప్రతి పెన్‌డ్రైవ్‌తో పాటు తెలుగులో ముద్రించిన రెండు పేజీల కాగితం ఇవ్వండి. పాస్‌వర్డ్ రాసుకునే గడి, తెర పాడైతే పాత కెర్నల్‌తో బూట్ చేసే పద్ధతి, పిల్లల ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకునే పద్ధతి అందులో ఉండాలి. బడి నడిచే రోజుల్లో భద్రతా సవరణలు తప్ప మరేదీ రాకుండా చేయండి. పెద్ద మార్పులన్నీ వేసవి సెలవుల్లో.

మా మండలంలో చాలా కంప్యూటర్ గదులకు ఇంటర్నెట్ సరిగ్గా లేదు. ఉన్నచోట ఉపాధ్యాయుల ఫోన్ హాట్‌స్పాట్‌తోనే పని నడుస్తుంది. పది యంత్రాలు ఒకే సవరణను పదిసార్లు దింపుకుంటే మా డేటా సాయంత్రానికి అయిపోతుంది. దీనికి మీ దగ్గర మార్గం ఏమైనా ఉందా?

కీబోర్డు గురించి కూడా చెప్పాలి. పిల్లలకు ఇన్‌స్క్రిప్ట్ నేర్పడం సరైన నిర్ణయమే, వారం రోజుల్లో చేతులు కుదురుకుంటాయి. ఉపాధ్యాయులం మాత్రం ‘అమ్మ’ అని రాయాలంటే ఆంగ్ల అక్షరాలు కొట్టే పద్ధతికి అలవాటు పడ్డాము. ఆ దారి మూసేస్తే ప్రశ్నపత్రం టైపు చేయడానికి మళ్లీ పాత యంత్రానికే వెళతాము. ఆ పాత ప్రశ్నపత్రాలు యూనికోడ్‌లో లేవు. మీ ఇమేజ్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. అది మీ తప్పు కాదని మాకు తెలియదు కదా, కాబట్టి ఆ కాగితంలో ఈ సంగతి కూడా రాయండి.

పెన్నాతీరం:

నల్లబల్ల గారూ, మీరు రాసింది విడుదల పరీక్షల జాబితాలో మొదటి పేజీ కావాలి. డేటా విషయానికి ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ అనే ప్యాకేజీ ఉంది. గదిలో ఉపాధ్యాయుల యంత్రం మీద దాన్ని పెట్టి, మిగతా యంత్రాలను దాని వైపు తిప్పితే, ఒకసారి దిగిన ప్యాకేజీని అదే అందరికీ పంచుతుంది. అసలు ఇంటర్నెట్టే లేని గదులకు ఆప్ట్-ఆఫ్‌లైన్ ఉంది. ఆ యంత్రానికి ఏమేం కావాలో ఒక చిన్న ఫైలులో రాసిస్తుంది. దాన్ని ఇంటర్నెట్ ఉన్నచోటికి తీసుకెళ్లి, దింపుకున్న సవరణలను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించవచ్చు. కీబోర్డుకు ఐబస్-ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీలో ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు మీరు చెప్పిన ఆర్‌టీఎస్ పద్ధతి కూడా ఉంది. రెండూ ముందే చేర్చి, మార్చుకునే మీటను ప్యానెల్ మీద కనిపించేలా పెడితే సరిపోతుంది.

మాస్టారూ, పేరు గురించి మీరు అన్నది నిజమే, నేను తొందరపడ్డాను. మీ పేరు, మీ బూట్ తెర, మీ పెన్‌డ్రైవ్ ఉంచుకోండి. డెబియన్ పేరూ చిహ్నమూ డెబియన్‌వి కాబట్టి మీకు సొంత పేరు ఎలాగూ కావాలి. వ్యవస్థ పేరు ఉండే ఓఎస్-రిలీజ్ ఫైలులో మీ పేరు రాసి, ఇది డెబియన్‌ను పోలినదని తెలిపే వరుసను మాత్రం చెరపకండి, చాలా ప్రోగ్రాములు దాన్నే చూసి నడుచుకుంటాయి. నేను వద్దంటున్నది డెబియన్ ఇచ్చిన ప్యాకేజీకి మీ చేతిలో మరో రూపం ఉండటాన్ని మాత్రమే.

32-బిట్ సంగతి. ట్రిక్సీ నుంచి ఐ386 అనే 32-బిట్ రకానికి డెబియన్ కెర్నల్‌ను గానీ ఇన్‌స్టాలర్‌ను గానీ ఇవ్వడం లేదు. మీరు ఇమేజ్ చేయాలంటే కెర్నల్ భారం కూడా మీ నెత్తిన పడుతుంది, దయచేసి ఆ పని చేయకండి. ముందుగా ఆ యంత్రాల్లో ప్రాసెసర్ వివరాలు చూపే ఎల్ఎస్‌సీపీయూ ఆదేశం నడిపి చూడండి. 32-బిట్ వ్యవస్థ ఎక్కించి ఉన్నంత మాత్రాన ప్రాసెసర్ 32-బిట్‌ది కానక్కరలేదు, కోర్ 2 డ్యుయో నాటికే 64-బిట్ వచ్చేసింది. అసలైన 32-బిట్ యంత్రాలు ఏవైనా మిగిలితే వాటిలో డెబియన్ 12 ఇన్‌స్టాల్ చేయండి. 2023 జూన్ 10న వచ్చిన ఆ విడుదలకు దీర్ఘకాలిక మద్దతు 2028 జూన్ వరకు ఉంటుంది. ఆ లోపు ఆ యంత్రాలే సెలవు తీసుకుంటాయి.

ఇక సిద్ధమైందని ఎలా తేల్చాలన్న మీ ప్రశ్న. డెబియన్ విడుదల తేదీని చాలా ముందుగా ప్రకటించదు, మొదట ఎప్పుడు ఆగాలో ప్రకటిస్తుంది. ట్రిక్సీకి 2025 మార్చి 15న లైబ్రరీల పెద్ద మార్పులు ఆపారు, ఏప్రిల్ 15న కొత్త ప్యాకేజీలు ఆపారు, మే 15 తరువాత చాలా ప్యాకేజీలు, తరువాతి విడుదల సిద్ధమయ్యే టెస్టింగ్ అనే విభాగంలోకి నేరుగా రాలేదు, జులై 27న అన్నీ ఆగిపోయాయి. ప్రతి మెట్టులోనూ మార్చే స్వేచ్ఛ తగ్గుతుంది, పరీక్షించే సమయం పెరుగుతుంది. మామూలు రోజుల్లో కూడా, కొత్తవి ముందుగా చేరే అన్‌స్టేబుల్ విభాగంలోకి వచ్చిన ప్యాకేజీ, దాని తొందరను బట్టి రెండు, అయిదు లేదా పది రోజులు అక్కడే ఉండి, కొత్తగా తీవ్రమైన బగ్ ఏదీ తేకుంటేనే టెస్టింగ్‌లోకి వెళుతుంది. ఈ క్రమశిక్షణ మొదటి నుంచీ ఇంత గట్టిగా లేదు. 2002 జులైలో వుడీ అనే విడుదల వచ్చాక తరువాతి విడుదల సార్జ్ రావడానికి 2005 జూన్ వరకు, దాదాపు మూడేళ్లు పట్టింది. ఇన్‌స్టాలర్‌ను కొత్తగా రాయడం లాంటి పెద్ద పనులన్నీ ఒకే విడుదలకు ముడిపడ్డాయి. అప్పటి వాడుకరుల విసుగు ఇంతా అంతా కాదు.

మీకు నా సలహా ఇది. ఆగస్టు 29ని వదులుకోకండి, కానీ ఆ రోజున బయటికి రావలసింది విడుదల అభ్యర్థి, అంటే తుది పరీక్షల కోసం ఇచ్చే ప్రతి. జులై మొదటి వారంలో ప్యాకేజీల జాబితాను మూసేయండి. ఆ తరువాత తెచ్చే ప్రతి మార్పుకూ ఒక బగ్ సంఖ్య ఉండాలి, కారణం నలుగురికీ కనిపించేలా రాసి ఉండాలి. ఏ బగ్గులు విడుదలను ఆపుతాయో ఇప్పుడే, ఆవేశాలు లేని వేళ, కాగితం మీద పెట్టండి. పాత బయోస్, కొత్త యూఈఎఫ్ఐ అనే బూట్ పద్ధతుల్లో దేనిలోనైనా ఇన్‌స్టాల్ కాకపోవడం, ఒత్తులు గానీ గుణింతాలు గానీ ఏ ప్రోగ్రాములోనైనా విడిపోయి కనిపించడం, వైఫై లేకపోవడం, అప్‌డేట్ తరువాత పిల్లల ఫైళ్లు కనిపించకపోవడం నేనైతే అందులో రాస్తాను. ఈ చివరిదాన్ని పరీక్షించాలంటే ఇప్పుడు ఆ రెండు బడుల్లో ఉన్న పాత ఇమేజ్ నుంచి కొత్తదానికి మారి చూడాలి. కొత్త యంత్రం మీద శుభ్రంగా ఇన్‌స్టాల్ చేసి చూసేవారు ఎందరో ఉంటారు, మారి చూసేవారు అరుదు. విడుదల తరువాత అందరూ నడిచేది ఆ మారే దారిలోనే.

నిర్ణయాల గురించి కూడా అడిగారు. ఇయాన్ మర్డాక్ 1993 ఆగస్టులో డెబియన్‌ను మొదలుపెట్టి 1996 వరకు తానే నడిపారు. 1997లో సామాజిక ఒప్పందం, 1998లో రాజ్యాంగం వచ్చాయి. నాయకుడిని ఏటా ఎన్నుకుంటారు. ప్యాకేజీ విషయంలో దాని నిర్వాహకుడిదే మాట. తెగని సాంకేతిక తగవులను ఒక కమిటీ తేలుస్తుంది. పెద్ద ప్రశ్నలు ఓటుతో తేలతాయి. వైఫై పనిచేయడానికి అవసరమైన నాన్-ఫ్రీ ఫర్మ్‌వేర్‌ను (స్వేచ్ఛా లైసెన్సు లేని, పరికరాన్ని నడిపే కోడ్‌ను) ఇన్‌స్టాలర్‌లో చేర్చవచ్చునా అన్నది ఏళ్ల తరబడి తగవుగా ఉండి, 2022లో ఓటుతోనే తేలింది. ఈనాడు మీ బడి ల్యాప్‌టాపులు ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడే వైఫైకి కలుస్తున్నాయంటే దాని వెనుక ఆ ఓటు ఉంది. ఏడుగురికి రాజ్యాంగం అవసరం లేదు గానీ, విడుదలను ఆపే అధికారం మాత్రం మీది కాకుండా మరొకరిది కావాలి. నల్లబల్ల గారి లాంటి ఉపాధ్యాయురాలు ఒకరు ఆ బాధ్యత తీసుకుంటే నేను నిశ్చింతగా ఉంటాను.

మంజీర అల:

దానికి ఒకటి చేర్చాలి. ఫిలిప్ న్యూబరో అనే ఒక్క మనిషి నడిపిన క్రంచ్‌బ్యాంగ్ అనే పంపిణీ 2015 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ఇక దాని అవసరం తగ్గిందని ఆయనే నిజాయితీగా ప్రకటించి ముగించారు. వాడుకరులు కొందరు కలిసి బన్‌సెన్‌ల్యాబ్స్ అన్న పేరుతో దాన్ని కొనసాగించారు. అదీ డెబియన్ మీదే, అమరికలన్నీ బయటికి కనిపించే ప్యాకేజీల్లోనే ఉన్నాయి. మీ లైవ్-బిల్డ్ అమరికల డైరెక్టరీ ఇప్పుడు మీ ల్యాప్‌టాపులో మాత్రమే ఉంటే ఈ రోజే, మార్పులన్నీ నమోదయ్యే ఒక గిట్ రిపాజిటరీలో పెట్టండి. మీ ఆరుగురిలో ఎవరినైనా, మీ సహాయం లేకుండా, దాని నుంచి ఇమేజ్ తయారు చేయమనండి. అతడు ఎక్కడ ఆగిపోతే అక్కడ రాయవలసిన వివరణ ఉన్నట్టు.

వేయిస్తంభాలు:

ఈ ఆదివారం అందరం కూర్చుని మాట్లాడుకున్నాము. లిబ్రేఆఫీస్, ఎక్స్ఎఫ్‌సీఈ ప్యాకేజీలను మా రిపాజిటరీ నుంచి తీసేశాము. అనువాదాలను వెబ్‌లేట్‌కూ ట్రాన్సిఫెక్స్‌కూ చేర్చే పనిని ఇద్దరు తీసుకున్నారు. ఫాంట్లలో రెండింటి లైసెన్సు ఎక్కడా రాసి లేదని తేలింది, వాటిని కూడా తీసేశాము. 32-బిట్ అనుకున్న యంత్రాల్లో రెండు తప్ప మిగతావన్నీ 64-బిట్‌వే.

మంజీర అల గారు చెప్పిన పరీక్ష కూడా జరిపాము. మా అమ్మాయి ఒకామె గిట్ నుంచి బిల్డ్ మొదలుపెట్టి రెండో మెట్టులోనే ఆగిపోయింది, ఎందుకంటే నా హోమ్ డైరెక్టరీలో ఉన్న ఒక ఫైలును అమరికలు వెతుకుతున్నాయి. అది ఇప్పుడు సరిచేశాము. రెండో కీ ఆమె దగ్గరే ఉంటుంది. ఆగస్టు 29న అభ్యర్థి ఇమేజ్ వస్తుంది, దానికి సంఖ్య ఉండదు, పాకాల అని పిలుస్తాము. నల్లబల్ల గారూ, ఆ రెండు పేజీల కాగితం చిత్తు ప్రతి సిద్ధమైంది. మీరు ఒప్పుకుంటే పంపిస్తాను, విడుదలను ఆపే మాట కూడా మీదే అనుకుంటున్నాము.

నల్లబల్ల:

పంపించండి మాస్టారూ. మా తొమ్మిదో తరగతి పిల్లలకే ఇచ్చి చదివిస్తాను. వాళ్లకు అర్థం కాని ప్రతి వాక్యం కింద గీత గీసి తిరిగి పంపుతాను. దసరా సెలవులకు ముందు మా పది యంత్రాల్లో రెండింటిని మీ అభ్యర్థి ఇమేజ్ కోసం ఖాళీగా ఉంచుతాను.